మ్యాక్‌బెత్ పక్కన బైబిల్ పెట్టుకుని చదివిన సెమిస్టర్ - నా అనుభవం

బీఏ స్పెషల్ ఇంగ్లీష్‌లో షేక్స్‌పియర్ పేపర్ ఎలాగూ ఉంటుంది, కానీ మాది మిషనరీ కాలేజీ కదా, మేడమ్ మొదటి క్లాసులోనే మ్యాక్‌బెత్ టెక్స్ట్‌తో పాటు బైబిల్ కూడా తెచ్చుకోండి అన్నారు. క్లాసులో ఎక్కువమంది హిందువులు, కొందరు ముస్లింలు, నాలాంటి సండే స్కూల్ బ్యాచ్ కొంచెం. వెనక బెంచీ వాడొకడు "ప్రార్థన కూడా చెయ్యాలా మేడమ్" అంటే ఆవిడ "అది ఎగ్జామ్ ముందు చేసుకో నాన్నా, ఇక్కడ చదివితే చాలు" అన్నారు.

కథ తెలిసిందే, మ్యాక్‌బెత్ స్కాట్లాండ్ సేనాని, రాజవుతావని మంత్రగత్తెలు చెబితే రాజు డంకన్‌ని చంపి గద్దెనెక్కుతాడు. నా భయం వేరే. ఆశపడ్డాడు, పాపం చేశాడు, చచ్చాడు, ఆమెన్ అని తేల్చేస్తారేమోనని. బజార్లో దొరికే గైడ్ చేసేది కూడా అదే, దేవుడి పేరు తీసేసి "అత్యాశే ట్రాజిక్ ఫ్లా" (అంటే హీరోని ముంచేసే లోపం) అని రాస్తుంది అంతే తేడా.

బ్యాక్‌గ్రౌండ్ గబగబా అయిపోయింది. నాటకం రాసింది 1606 ప్రాంతంలో, అంతకుముందు 1605 నవంబర్ 5న రాజుని పార్లమెంటుతో సహా పేల్చేద్దామని గన్‌పౌడర్ ప్లాట్ జరిగింది, ఆ రాజు మొదటి జేమ్స్, ఈయనే 1597లో మంత్రగత్తెల గురించి పుస్తకం రాసినాయన, 1611 ఇంగ్లీష్ బైబిల్ కూడా ఈయన పేరు మీదే ఉంది. కాబట్టి అప్పటి జనానికి రాజుని చంపడం అంటే దేవుడు అభిషేకించిన వాడి మీద చెయ్యి వేయడమే. డంకన్ శవం చూసి మ్యాక్‌డఫ్ అనే ప్రభువు కూడా ఆ మాటే అంటాడు. మేడమ్ అక్కడ ఆపి 1 సమూయేలు 24 చదివించారు, తనని చంపడానికి తిరుగుతున్న రాజు సౌలు గుహలో చేతికి దొరికినా దావీదు చంపడు, అంగీ చెంగు కోస్తాడు, దానికే మనసు గుచ్చుకుంటుంది. నా పక్క సీటు అమ్మాయి "మా ఖురాన్‌లో కూడా వీళ్ళున్నారు, తాలూత్, దావూద్" అంది. అప్పట్నుంచి బైబిల్ రిఫరెన్స్ అడిగితే నాకంటే ముందు తనే తీసేది!

అసలు గొడవంతా మంత్రగత్తెల దగ్గర. సౌలు మారువేషంలో రాత్రిపూట ఏన్దోరు అనే ఊరికి వెళ్లి చచ్చినవాళ్ళని పిలిచే, కర్ణపిశాచం ఉన్న ఆవిడని కలిసేది 1 సమూయేలు 28, అది మ్యాక్‌బెత్ నాలుగో యాక్ట్‌లో మళ్ళీ మంత్రగత్తెల్ని వెతుక్కుంటూ పోవడానికి భలే దగ్గరగా ఉంటుంది. కానీ మొదటి యాక్ట్‌లో వాళ్ళే ఎదురొచ్చి మ్యాక్‌బెత్ రాజవుతాడని, తోటి సేనాని బాంక్వో వంశంలో రాజులు పుడతారని చెప్పారు కదా, మరి రాసిపెట్టి ఉంటే వాడి తప్పేముంది, జాతకం లాంటిదేగా అని వెనక బెంచీ వాడు లేచాడు. మేడమ్ జవాబు చెప్పకుండా రెండు చోట్లు తీయమన్నారు. యాక్ట్ 1 సీన్ 4లో మ్యాక్‌బెత్ నక్షత్రాలతో మీ వెలుగు దాచేయండి, నా చీకటి కోరికలు కనపడకూడదు అంటాడు. యాక్ట్ 2 సీన్ 1లో బాంక్వో నిద్రలో వచ్చే పాడు ఆలోచనల్ని ఆపమని దైవశక్తుల్ని వేడుకుంటాడు. ఇద్దరూ విన్నది అవే మంత్రగత్తెల మాటలు, ఇద్దరికీ ఆశ పుట్టింది, ఒకడు లైటు ఆపమన్నాడు, ఇంకొకడు నన్ను ఆపమన్నాడు.

నేను అబ్బ భలే ఉందే అని నోట్స్ రాసుకుంటున్నానా, వాడు మళ్ళీ లేచి యాక్ట్ 3 సీన్ 1 చూపించాడు. మ్యాక్‌బెత్ అడ్డదారిలోనే రాజయ్యాడని బాంక్వోకి అనుమానం ఉంది, అయినా పైకి ఒక్క ముక్క అనడు, పైగా నాకు చెప్పింది కూడా నిజమవుతుందేమో అని లోపల ఆశ. "ఇతను మంచోడా మేడమ్?" అన్నాడు. క్లాసంతా వాడి వైపు తిరిగిపోయింది. మేడమ్ నిజంగా సంతోషపడ్డారు, చూసీ చూడనట్టు ఊరుకోవడం గురించి ఆ రోజు చెప్పింది ఏ గైడ్‌లోనూ లేదు.

నాకు బాగా పట్టేసింది మాత్రం యాక్ట్ 2 సీన్ 2. మ్యాక్‌బెత్ అప్పుడే డంకన్‌ని చంపి వచ్చాడు, చేతులు రక్తం, దొరికిపోతానేమో అనాలి కదా, అది కాదు, పక్క గదిలో వాళ్ళు దేవా దీవించు అన్నారు, నేను ఆమెన్ అనలేకపోయాను, ఎందుకు అనలేకపోయాను అని అదే పట్టుకుని అడుగుతుంటాడు. దీవెన నాకే ఎక్కువ అవసరం, గొంతులో ఇరుక్కుపోయింది అంటాడు. చర్చిలో ఆదివారం ఎన్నిసార్లు ఆమెన్ అంటామో లెక్కుండదు, పాస్టర్ ప్రసంగం మధ్యలో సగం నిద్రలో కూడా అనేస్తాం.

అంటే చేసింది పాపమని వాడికి మొదట్నుంచీ తెలుసు. తెలిసీ వెనక్కి ఎందుకు రాడు? నా అసైన్‌మెంట్ దీని మీదే చేశాను. దావీదు కూడా తక్కువోడు కాదు, రాజయ్యాక తన సైనికుడు ఊరియా భార్యని తీసుకుని, ఊరియాని యుద్ధంలో ముందు వరుసలో పెట్టించి చంపించాడు. కానీ నాతాను ప్రవక్త వచ్చి పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్ల కథ చెప్పి ఆ మనిషివి నువ్వే అన్నాడు, దావీదు ఒప్పుకున్నాడు. మ్యాక్‌బెత్‌కి అలా ముఖం మీద చెప్పేవాళ్ళు లేరు, పక్కనున్న భార్యేమో కాసిని నీళ్ళతో పోతుంది అంటుంది. 51వ కీర్తనలో దావీదు నన్ను కడుగు అని దేవుణ్ణి అడుగుతాడు, లేడీ మ్యాక్‌బెత్ ఐదో యాక్ట్‌లో నిద్రలో తన చేతులు తనే రుద్దుకుంటూ ఉంటుంది, డాక్టర్ చూసి ఈవిడకి కావాల్సింది వైద్యుడు కాదు పాస్టర్ అన్నట్టు మాట్లాడి దేవా మమ్మల్నందరినీ క్షమించు అంటాడు. ఆ డాక్టర్‌ది చిన్న పాత్ర, ఎవరూ పట్టించుకోరు, నాకైతే నాటకం మొత్తంలో సరిగ్గా మాట్లాడింది ఆయనే అనిపించింది.

ఇంత చక్కగా కుదిరింది కదా అనుకునేలోపు యాక్ట్ 4 సీన్ 3 ఉంది. మ్యాక్‌డఫ్‌కి భార్యాపిల్లల్ని చంపేశారని తెలుస్తుంది. పరలోకం చూస్తూ ఊరుకుందా అని అడుగుతాడు, వెంటనే కాదు, నా పాపాల వల్లే వాళ్ళు పోయారు అనుకుంటాడు. మా పక్కింటి అంకుల్ పోయినప్పుడు కూడా ఎవరో అచ్చం ఇలాగే అన్నారు, నాకు అప్పుడూ నచ్చలేదు. మేడమ్‌ని అడిగేశా, దీన్ని కూడా కరెక్టే అనాలా అని. ఆవిడ బైబిల్లో ఏ తప్పూ చెయ్యకుండానే పిల్లల్ని, ఆస్తిని పోగొట్టుకున్న యోబు కథ తీశారు, నీ పాపం వల్లే ఇదంతా అన్నట్టు మాట్లాడిన యోబు స్నేహితుల్ని చివర్లో దేవుడే మీరు సరిగ్గా మాట్లాడలేదు అంటాడు కదా, మ్యాక్‌డఫ్ తనకి తనే ఆ స్నేహితుడయ్యాడు అన్నారు. "మరి పిల్లలు ఎందుకు చావాలి మేడమ్?" అన్నాను. "అది యోబుకీ చెప్పలేదమ్మా" అన్నారు. ఆ మాటతో నాకు కోపం తగ్గలేదు గానీ, ఏదో ఒకటి చెప్పి సర్దేయనందుకు మేడమ్ మీద గౌరవం మాత్రం పెరిగింది.

ఎగ్జామ్ సంగతి కూడా చెప్పేస్తా. పేపర్ దిద్దేవాళ్ళు మన కాలేజీ వాళ్ళు కారు, వాళ్ళకి వాక్యాలు రిఫరెన్సులతో సహా అక్కర్లేదు. అనొటేషన్‌లో, అంటే నాటకంలోని లైన్లు ఇచ్చి వివరించమనే ప్రశ్నలో, ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నారో ముందు రాసి, దావీదో, యేసు తీర్పప్పుడు చేతులు కడుక్కున్న పిలాతో ఒక్క లైనులో పెట్టి వదిలేయాలి. ఎస్సేలో మంత్రగత్తెల పాత్ర గురించి వచ్చింది, బాంక్వో రెండు సీన్లూ రాశాను, వెనక బెంచీ వాడి పాయింట్‌తో సహా. వాడికి నాకంటే మార్కులు ఎక్కువొచ్చాయి, బైబిల్ మాత్రం సెమిస్టర్ అంతా నాదే వాడుకున్నాడు.