విరేచనం వేరు, విరేచనాలు వేరు: కొలనోస్కోపీ కాగితాన్ని తెలుగు చేసిన క్రమం

పెద్ద పేగును కెమెరా గొట్టంతో చూసే పరీక్షకు ముందు రోగి చేతికి ఒక ఇంగ్లీషు కాగితం వస్తుంది. ఏం తినాలి, మందు ఎలా కలుపుకోవాలి, ఎప్పుడు ఆపాలి అన్నీ అందులోనే ఉంటాయి. అలాంటి కాగితాన్ని తెలుగు చేస్తూ నేను ఏ మాట దగ్గర ఎందుకు ఆగానో, చివరికి ఏం రాశానో ఇక్కడ చెబుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్లకు ఆ కాగితం చదివి చెప్పేవాళ్లకూ, విదేశాల్లో అమ్మానాన్నల పక్కన కూర్చుని డాక్టరు మాటను తెలుగులో అందించే పిల్లలకూ ఇవే మాటలు అడ్డుపడతాయి.

మొదట చేసిన పని, బడి పుస్తకాల మాటల్ని పక్కన పెట్టడం. ఈసోఫేగస్‌కు ఆహారవాహిక, డుయోడినమ్‌కు ఆంత్రమూలం, రెక్టమ్‌కు పురీషనాళం ఉన్నాయి. మంచి మాటలే. కానీ రేపు ఉదయం పరీక్షకు వెళ్లాల్సిన మనిషికి ‘ఆంత్రమూలం’ కూడా ‘డుయోడినమ్’ అంత దూరంగానే ఉంటుంది. (డుయోడినమ్ అనే పేరు పుట్టింది లాటిన్‌లో పన్నెండును చెప్పే మాట నుంచి. దాని పొడవు పన్నెండు వేళ్ల వెడల్పంత, సుమారు 25 సెంటీమీటర్లు. పేరు పెట్టినవాళ్లు కొలిచి పెట్టారు.) అందుకని ‘అన్నం దిగే గొట్టం’, ‘చిన్న పేగు మొదటి భాగం’, ‘పెద్ద పేగు చివర’ అని రాసి, రిపోర్టులో పోల్చుకోవడానికి ఇంగ్లీషు పేరును తెలుగు లిపిలో పక్కనే ఉంచాను.

తర్వాత స్టమక్. ఇంగ్లీషు కాగితంలో స్టమక్ అంటే ఒకే ఒక్క సంచి: పక్కటెముకల కింద, కాస్త ఎడమవైపు, తిన్నది ముందుగా చేరేచోటు. అబ్డొమెన్ అంటే ఛాతీ కిందనుంచి తొడల మొదలు దాకా ఉన్న భాగమంతా. మన ‘కడుపు’ ఈ రెంటినీ కలిపేసుకుని, గర్భాన్ని కూడా లోపల పెట్టుకుంది. కడుపుతో ఉంది, కడుపుకోత, కడుపుతీపి అన్నప్పుడు జీర్ణం ప్రసక్తే లేదు. ‘కడుపులో నొప్పి’ అన్న మాటను ‘స్టమక్ పెయిన్’ అని డాక్టరుకు అందిస్తే, నొప్పి బొడ్డు కింద కుడిపక్కన ఉన్నా ఆయన ఆలోచన ముందు అసిడిటీ వైపు పోవచ్చు. అందుకే అబ్డొమెన్‌కు అన్నిచోట్లా ‘పొట్ట’ అనే రాశాను. స్టమక్‌కు జీర్ణాశయం. నొప్పి ఉన్నచోటుకు మాత్రం మన భాషలో మాటలకు కరువు లేదు: పైకడుపు, బొడ్డు చుట్టూ, పొత్తికడుపు, డొక్క. ప్రశ్నల పట్టికలో ఈ నాలుగూ విడివిడిగా పెట్టి, ‘వేలితో చూపించండి’ అని చేర్చాను.

ఎక్కువసేపు పట్టింది స్టూల్, మోషన్ల దగ్గర. స్టూల్ అంటే ఇంగ్లీషులో మొదట కూర్చునే పీటే. మలవిసర్జనకు కూర్చునే పీట పేరు క్రమంగా మలానికే అతుక్కుంది. మనకు స్టూలు అంటే ఇప్పటికీ పీటే కాబట్టి ‘స్టూల్ ఎలా ఉంది’ అన్న ప్రశ్న చాలామందికి అర్థం కాదు. ఇక మోషన్. మన ఆసుపత్రుల్లో ‘మోషన్ అయిందా?’ అంటే అందరికీ తెలుసు. అమెరికాలో అదే మాట అంటే నర్సు తికమక పడుతుంది. అక్కడ వాడుక బవెల్ మూవ్‌మెంట్.

తెలుగు చేసేటప్పుడు అసలు ప్రమాదం ఒక బహువచనంలో ఉంది. ‘విరేచనం అయింది’ అంటే రోజూ అయ్యేది అయింది, అంతా బాగుంది అని. ‘విరేచనాలు అవుతున్నాయి’ అంటే జబ్బు. మోషన్ అయింది, మోషన్స్ అవుతున్నాయి అన్నదీ ఇదే తీరు. కాగితంలో ‘రోజుకు ఎన్ని స్టూల్స్?’ అని ఉన్నదాన్ని ‘రోజుకు ఎన్ని విరేచనాలు?’ అని రాశానంటే, ఆరోగ్యంగా ఉన్న మనిషి ‘అయ్యో, నాకు విరేచనాలు లేవు’ అని సున్నా వేస్తాడు. ‘రోజుకు ఎన్నిసార్లు దొడ్డికి వెళ్తారు?’ అని మార్చాను. మొరటుగా ఉందనేవాళ్లు ఉంటారు. నాకు ఆ మాట మీద సిగ్గు లేదు, జవాబు సరిగా రావాలి.

డయేరియాకూ కాన్‌స్టిపేషన్‌కూ మాటకన్నా లెక్క మేలు. 24 గంటల్లో మూడు లేక అంతకన్నా ఎక్కువసార్లు పలచగా అయితే డయేరియా. రక్తం కూడా పడితే డిసెంట్రీ, మన రక్త విరేచనాలు. వారానికి మూడుసార్లకన్నా తక్కువ వెళ్లడం, గట్టిగా ముక్కాల్సి రావడం కాన్‌స్టిపేషన్‌కు గుర్తులు. ఒకరోజు తప్పినంత మాత్రాన మలబద్ధకం అనిపించుకోదు. బ్రిస్టల్ పట్టికలో మలం తీరును ఏడు రకాలుగా బొమ్మలు వేసి చూపించారు. వాటి కింద తెలుగు రాయడం తేలిక: ఒకటోది మేక పెంటికల్లా, నాలుగోది నున్నగా అరటిపండులా, ఏడోది వట్టి నీళ్లు.

హార్ట్‌బర్న్‌ను ‘గుండె మంట’ అంటే మనిషి హడలిపోతాడు. ఆ మంట గుండెది కాదు, ఆమ్లం జీర్ణాశయం నుంచి అన్నం దిగే గొట్టంలోకి ఎగదన్నడం వల్ల వచ్చేది. ‘ఛాతీలో మంట, పులితేన్పులు’ అని రాశాను. ఈ పులితేన్పు అన్న ఒక్క మాట యాసిడ్ రిఫ్లక్స్‌ను మొత్తం చెప్పేస్తుంది. ఇంత సూటి మాట ఇంగ్లీషు వాడుకలో నాకు కనిపించలేదు. దీనికి ఎదురు ‘గ్యాస్’. తేన్పు, కడుపుబ్బరం, ఛాతీ బరువు, వెన్నులో పోటు అన్నిటినీ మనవాళ్లు గ్యాస్ ఖాతాలో వేస్తారు. గుండెపోటును గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోవడం ఇక్కడినుంచే వస్తుంది. అందుకే నా కాగితంలో ‘గ్యాస్’ అన్న మాటే వాడలేదు.

ఇక మందు తాగే భాగం. బవెల్ ప్రిపరేషన్‌ను ‘పేగుల తయారీ’ అని రాసినవి చూశాను. అది ఏ పనీ చెప్పదు. ‘పేగు శుభ్రం చేసుకోవడం’ అనాలి. లో రెసిడ్యూ అంటే పీచు, గింజ లేని తిండి: తెల్లన్నం, ఇడ్లీ, పెరుగు పరవాలేదు. ఆకుకూరలు, జామ, దానిమ్మ, నువ్వులు, టమోటా గింజలు వద్దు. ఇలా పేర్లతో రాస్తేనే పని జరుగుతుంది.

క్లియర్ లిక్విడ్స్ దగ్గర ఎక్కువమంది పొరపడతారు. ‘ద్రవాలు’ అని రాస్తే పాలు, మజ్జిగ, రాగిజావ తాగేస్తారు. అవి పేగు గోడకు పూతలా పట్టి కెమెరాకు అడ్డం వస్తాయి. నేను రాసింది: ‘గాజుగ్లాసులో పోసి వెనక అక్షరాలు పెట్టండి. చదవగలిగితే తాగండి.’ మంచినీళ్లు, పలచటి కొబ్బరినీళ్లు, పాలు లేని టీ, వడగట్టిన పలచటి చారు ఆ పరీక్షకు నిలబడతాయి. ఎరుపు, ఊదా రంగు పానీయాలు వద్దు, లోపల రక్తంలా కనిపిస్తాయి.

పేగు శుభ్రం చేయడానికి నీళ్లలో కలిపి తాగే మందు పొడి రకాన్నిబట్టి కొలత మారుతుంది. నా ముందున్న కాగితంలో రెండు లీటర్లు, 250 మిల్లీలీటర్ల గ్లాసు 10–15 నిమిషాలకు ఒకటి, సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్ష రోజు తెల్లవారుజామున. ‘అంటిల్ క్లియర్’ అన్నదాన్ని ‘శుభ్రమయ్యేదాకా’ అంటే చాలదు. నాలుగైదుసార్లు నీళ్లలా పోగానే పొట్ట ఖాళీ అయిందని మందు ఆపేస్తారు. పేగు కుడివైపు ఇంకా మురికిగానే ఉంటుంది, పరీక్ష మళ్లీ చేయాల్సి వస్తుంది. ‘మందు మొత్తం తాగాలి. చివరికి మూత్రంలా పసుపుగా, నలకలు లేకుండా రావాలి’ అని రాశాను. షుగరు మందులు, రక్తం పలచబరిచే మాత్రలు, ఐరన్ మాత్రల దగ్గర ‘డాక్టరును అడిగాకే ఆపండి’ అన్న వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో పెట్టాను.

ఎంప్టీ స్టమక్‌కు ‘పరగడుపున’ చక్కటి మాట. అయితే కాఫీ తాగినా పరగడుపే అనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. కాబట్టి ‘పరగడుపున, కాఫీ టీలు కూడా లేకుండా’. నిల్ బై మౌత్ అని ఉన్నచోట ‘నోట్లో నీటిచుక్క కూడా వేయకూడదు’ అని, ఎన్ని గంటల నుంచో కూడా చేర్చి రాశాను.

చివరి వాక్యంలో పాస్ ఫ్లేటస్ అని ఉంది. పరీక్షలో పేగును తెరిచి చూడటానికి గాలి నింపుతారు, అది బయటికి పోవాలి. ‘అపానవాయువు విసర్జించండి’ అంటే ఎవరికీ ఎక్కదు. ఇలా ముగించాను: ‘పొట్ట ఉబ్బినట్టు ఉంటుంది. కిందనుంచి గాలి పోనివ్వండి, సిగ్గుపడి ఆపుకోవద్దు. గాలి పోయినా నొప్పి పెరుగుతుంటే, జ్వరం వస్తే, రక్తం ఎక్కువగా పడితే వెంటనే ఆసుపత్రికి రండి.’