భీమిలి దాకా, మళ్ళీ వెనక్కి

మే నెల, ఆదివారం.

నాలుగున్నరకి అలారం మోగితే ఆపేసి మళ్ళీ పడుకోలేదు. ఈరోజు నేను చేసిన ఘనకార్యం అదొక్కటే అని తర్వాత తెలిసింది. ఐదుంపావుకల్లా ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గరున్నాను. నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, కుక్కల్ని తిప్పేవాళ్ళు. లాసన్స్ బే దాటేదాకా సైకిల్ బెల్లు కొడుతూనే ఉండాలి.

విశాఖలో సైకిల్‌కి దారులు లేక కాదు. యారాడ కొండకి నా మోకాళ్ళు ఒప్పుకోవు. ఆనందపురం వైపు హైవే ఎక్కితే పక్కనుంచి లారీ పోయినప్పుడల్లా దేవుడు గుర్తొస్తాడు. హనుమంతవాక నుంచి ముడసర్లోవ మీదుగా అడవివరం పోయే రోడ్డు బాగుంటుంది, కొండలు, రిజర్వాయరు, నీళ్ళమీద తేలే సోలార్ పలకలు. కానీ చాలా చిన్న దారి, టిఫిన్ టైముకి ఇంటికొచ్చేస్తాం. ఎక్కడికో వెళ్ళొచ్చాం అనిపించాలంటే భీమిలి రోడ్డే. పాతిక కిలోమీటర్ల పైచిలుకు, పోయినంతసేపూ కుడిచేతి పక్కన సముద్రం.

తెన్నేటి పార్కు దాటాక కైలాసగిరి కింద ఎత్తుపల్లాల్లో కాస్త ఆయాసం వచ్చింది. సాగర్‌నగర్ నుంచి మాత్రం సైకిల్ దానంతటదే పోతున్నట్టుంది. గేరు పెంచినా కాళ్ళకి తెలియడం లేదు. రోజూ లిఫ్ట్ మానేసి మెట్లెక్కుతున్న ఫలితం అనుకున్నాను, నిజంగానే. రుషికొండలో టీకి కూడా ఆగలేదు. తొట్లకొండ బోర్డు చూసి, పైకెక్కి ఆ బౌద్ధారామం చూసొద్దామా అనేంత ధైర్యం వచ్చింది. ఎందుకో ఎక్కలేదు, బతికిపోయాను. మంగమారిపేటలో పడవలు ఇసుక మీదే ఉన్నాయి. జూన్ 14 దాకా వేట నిషేధం కదా, నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు.

భీమిలి చేరేసరికి ఆరూ ముప్ఫై అయిదు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, ఇంకా నిద్ర లేవనట్టే ఉంది. లైట్‌హౌస్, డచ్చివాళ్ళ సమాధులు, గోస్తని సముద్రంలో కలిసేచోటు ఒక చుట్టు చుట్టి వెనక్కి తిరిగాను.

ఊరి చివర ఒకావిడ తాటికాయల గుట్ట పెట్టుకుని కూర్చుంది. కాయని ఎడమచేత్తో తిప్పుతూ కత్తితో పైన ఒక్క వేటు వేస్తే మూడు కళ్ళూ బయటపడుతున్నాయి. లేత ముంజెలు. మొదటిదానికి బొటనవేలు గట్టిగా గుచ్చేసరికి నీళ్ళన్నీ చొక్కామీద చిమ్మాయి.

“ఏటి బాబూ, వైజాగ్ నుంచి సైకిలు మీదే వచ్చినావా? బండి కొనుక్కోలేవేటి?”

బండి ఉందంటే ఇంకా వింతగా చూసింది. గంటా ఇరవై నిమిషాల్లో వచ్చేశానని గొప్పగా చెప్పాను.

“దక్షిణం గాలి గదా, తోసేసుంటాది. ఎల్లినప్పుడు తెలుస్తాది” అంది, కత్తి ఆపకుండానే.

తెలిసింది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర పళ్ళమధ్య ఇసుక కరకరలాడింది. ఏడో గేరు నుంచి రెండో గేరుకి వచ్చినా పల్లంలో కూడా తొక్కాల్సి వచ్చింది. లుంగీ ఎగ్గట్టిన ఒక పెద్దాయన, క్యారియర్‌ మీద గడ్డిమోపుతో సహా, నన్ను దాటి వెళ్ళిపోయాడు. కనీసం వెనక్కి తిరిగి కూడా చూడలేదు. రుషికొండలో వదిలేసిన టీ ఇప్పుడు రెండుసార్లు తాగాను.

టీకొట్టు దగ్గర కూర్చుని ఆలోచిస్తే విషయం చిన్నదే. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి పోతుంది. ఈ రోజుల్లో గాలిదీ అదే దారి, పొద్దెక్కేకొద్దీ జోరు కూడా పెరుగుతుంది. అంటే ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు తోసి, అయిపోయాక ఎదురు తిరుగుతుంది. చలికాలంలో ఉత్తరపు గాలి వీస్తే దీనికి తిరగేసి. కష్టం ముందు, సుఖం తర్వాత. అందుకని భీమిలి రోడ్డుని కార్తీకమాసం తర్వాతకి వాయిదా వేశాను. అప్పటిదాకా కొండల చాటున ముడసర్లోవే, టిఫిన్ టైముకి వచ్చేసినా సరే.

తిరుగు ప్రయాణం రెండున్నర గంటలు. ఇంటికొచ్చేసరికి మా ఆవిడ, “ముంజెలు తెచ్చారా?” అంది. తెచ్చాను. బ్యాగులో సగం చితికి, నీళ్ళు కారి పర్సు తడిసిపోయింది.

సాయంత్రం సైకిల్ తుడుస్తూ ముందు టైరు నొక్కి చూశాను. బొటనవేలు ముంజెలోకి దిగినట్టు దిగింది. గాలి సగం కూడా లేదు. ఎప్పుడు తగ్గిందో, పొద్దున బయల్దేరేటప్పుడే అలా ఉందో! పొద్దుటి నుంచీ సముద్రపు గాలిని ఎన్ని తిట్లు తిట్టానో. ఇంట్లో మాత్రం ఈ సంగతి చెప్పలేదు.