వాష్ బేసిన్ కింద పన్నెండేళ్ల సామాను

నిజాంపేటలో ఫ్లాట్ కొన్నప్పుడు బాత్రూమ్ వాష్ బేసిన్ కింద చిన్న అల్మారా చేయించాం. 24 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల లోతు. అడుగున మిగిలిన షాంపూలు, హోటళ్ల నుంచి తెచ్చిన బుల్లి సబ్బులు, అత్తయ్య దాచిన పాత బనియన్ గుడ్డలు, మూత సరిగ్గా పట్టని ఆసిడ్ సీసా... అన్నీ దాంట్లోకే. తలుపు తీయడం, తోసేయడం, మూసేయడం.

పోయిన వేసవిలో కింది ఫ్లాట్ ఆవిడ ఫోన్ చేసింది, వాళ్ల బాత్రూమ్ స్లాబు చెమ్మగిల్లుతోందని. సామాను మొత్తం బయటికి లాగితే, కుళాయికి నీళ్లొచ్చే కనెక్షన్ పైపు మీద స్టీలు అల్లిక తుప్పు పట్టి, ఒకచోట సన్నగా చిమ్ముతోంది. ప్లంబర్ పైపు కంటే ముందు సీసాని చూశాడు. “ఆసిడ్ ఇక్కడ పెట్టారా మేడమ్? ఆ ఆవిరి స్టీలును కూడా తినేస్తుంది” అన్నాడు. స్టెయిన్‌లెస్ అంటే తుప్పే పట్టదనుకున్నా నేను. మూసిన అల్మారాలో హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఆవిరి నిలిస్తే దానికీ పడుతుంది. దాని పక్కనే బ్లీచింగ్ పౌడర్ డబ్బా కూడా ఉంది! రెండూ ఒలికి కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మాది బోరు నీళ్లు. టైల్స్ మీద తెల్లటి పొర పోవాలంటే ఆసిడ్ కావాలి, మానలేను. అందుకే అది యుటిలిటీ బాల్కనీలో, పిల్లలకి అందని ఎత్తులో పెట్టాను. బ్లీచింగ్ పౌడర్ వేరే చోట.

అల్మారా అడుగు చెక్క ఉబ్బి పొరలు లేచింది. కార్పెంటర్‌ని పిలిచి పీవీసీ షీటు వేయించి, తలుపుకి గాలి ఆడే చిల్లులు పెట్టించాను. మధ్యలో ఒక అర, వేస్టు పైపు చుట్టూ యూ ఆకారంలో కోసి. బేసిన్ కింద వేస్టు పైపుకి ఉండే సీసా ఆకారపు బాటిల్ ట్రాప్ కింద మాత్రం ఏమీ పెట్టను. వెంట్రుకలు అడ్డుపడితే దాని అడుగు మూత తిప్పి తీయాలి, అప్పుడు కింద మగ్గు పట్టాలి కదా. కుళాయికి నీళ్లు ఆపే యాంగిల్ కాక్‌లకి కూడా చెయ్యి నేరుగా అందాలి. పైపు పగిలినప్పుడు సబ్బులు ఏరుకుంటూ కూర్చుంటే ఇల్లంతా చెరువే.

స్ప్రే సీసాలు తగిలించడానికి టెన్షన్ రాడ్ కొన్నా, మేకుల్లేకుండా అల్మారా రెండు పక్కల మధ్య బిగుసుకుని నిలిచే కడ్డీ. పేరుకు తగ్గట్టే మొదటి వారం టెన్షన్ పెట్టింది. నాలుగు సీసాలు తగిలిస్తే అర్ధరాత్రి దబ్బున పడి అందరం లేచాం. ఇప్పుడు రెండే. అల్మారా లోపలి మూలలో, డైనింగ్ టేబుల్ మీద వాడకుండా పడున్న, పచ్చళ్లు పెట్టుకునే తిరిగే పళ్లెం పెట్టాను. చిన్న సీసాలు తిప్పితే ముందుకొస్తాయి, ఖర్చు సున్నా. నాకైతే ఇదే అన్నిటికన్నా నచ్చింది.

అడుగున ఒక పాత పేపరు పరిచాను. ఒక్క చుక్క కారినా మచ్చ కనబడుతుంది. శనివారం బాత్రూమ్ కడిగేటప్పుడు చూస్తాను.

అత్తయ్య మాత్రం రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. “ఆ గుడ్డలు నీకేం అడ్డమొచ్చాయమ్మా?” ఆరు గుడ్డలు ఉతికి ఆరేసి, చిన్న బుట్టలో మడత పెట్టి చూపించాను. లెక్కపెట్టుకుని, “ఇంకో మూడు ఉండాలే” అన్నారు.