ఏడక్షరాల పేరుకు 45 బైట్లు

అనంతపురం జిల్లాలోని బోరుబావుల నీటిమట్టాన్ని మండలాలవారీగా నమోదు చేసుకోవడానికి నేను రాసుకున్న చిన్న సాఫ్ట్‌వేర్‌కు ‘నీటిలెక్క’ అని పేరు పెట్టాను. దాని 1.0 వెర్షన్‌ను ప్యాకేజీగా కట్టి కళ్యాణదుర్గంలో ఉన్న మా చిన్నాన్న కొడుక్కు పంపితే, సాయంత్రానికల్లా ఫోన్ చేసి, “అన్నా, అన్ని మండలాలూ ఉండాయి గానీ బి.కె.సముద్రం యాడికి పాయె?” అని అడిగాడు.

నేను ప్యాకేజీ కట్టేది ఫైళ్లన్నిటినీ ఒకే మూటగా చేసే టార్ అనే సాధనంతో, అందులోనూ యూస్టార్ అనే పాత ఫార్మాట్‌తో. ఎంత పాత యంత్రంలోనైనా విప్పుకోవచ్చునన్న ధైర్యంతో దానినే పట్టుకొని ఉన్నాను. యూనిక్స్ తరహా యంత్రాలకు ఉమ్మడి నియమావళి అయిన పోసిక్స్ 1988 నాటి ప్రమాణంలో వచ్చిన ఈ ఫార్మాట్, ఫైలు పేరుకు 100 బైట్లు, దానికి ముందుండే డైరెక్టరీ దారికి 155 బైట్లు కేటాయిస్తుంది. రెండూ కలిపితే చాలినంత చోటే కదా అనిపిస్తుంది గానీ, ఆ రెంటినీ విడదీసే చోట తప్పనిసరిగా స్లాష్ ఉండాలి; ఒక డైరెక్టరీ పేరును నడిమికి నరకడం కుదరదు.

ఇక తెలుగు సంగతి. యూనికోడ్‌లో హల్లుకూ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ, సున్నకూ వేర్వేరు సంకేతాలు ఉంటాయి. ఆ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగువి ఒక్కొక్కటీ 3 బైట్లు తీసుకుంటాయి. బి.కె.సముద్రం పూర్తి పేరైన బుక్కరాయసముద్రం కంటికి ఏడక్షరాలే అయినా లోపల 15 సంకేతాలు, అంటే 45 బైట్లు. నా దారి ‘నీటిలెక్క-1.0/నమూనాలు/అనంతపురం_జిల్లా/బుక్కరాయసముద్రం_మండలం’ అని ఉండేది. లెక్కపెడితే 159 బైట్లు వచ్చింది. ‘బోరుబావుల_నీటిమట్టం_వివరాలు’ అనే ఫైలు పేరు సీఎస్‌వీ పొడిగింపుతో కలిపి 81 బైట్లు కనుక, మండలం డైరెక్టరీని పేరు వైపుకు నెట్టినా 143 అయి 100 దాటిపోతుంది. కేవలం 4 బైట్ల దగ్గర మండలం మండలమే ఎగిరిపోయింది. బ్రహ్మసముద్రం 153తో గట్టెక్కింది.

పేరు మరీ పొడవుగా ఉందనీ, విడదీయలేక చేర్చలేదనీ టార్ చెప్పనే చెప్పింది. వందల వరుసల నడుమ ఆ ఒక్క వరుసను నేను చూడలేదు, నా స్క్రిప్టూ పట్టించుకోలేదు. నా లినక్స్ యంత్రంలో దారికి 4096 బైట్ల వరకు చోటుంది కనుక అక్కడ ఏ ఇబ్బందీ లేదు. విండోస్‌లో దారికి మామూలుగా ఉండే 260 హద్దు బైట్లలో కాక, యూటీఎఫ్-16 అనే మరో పద్ధతి యూనిట్ల లెక్కన నడుస్తుంది. అక్కడ తెలుగు సంకేతానికి ఒక యూనిటే పడుతుంది కనుక మన పేర్లకు ఈ జరిమానా లేదు.

టార్‌లోనే ఉన్న 2001 నాటి పాక్స్ అనే కొత్త ఫార్మాట్‌కు మారితే ఈ హద్దే ఉండదు, కానీ అవతలివాళ్ల పాత సాధనం దానిని సరిగా విప్పుతుందన్న నమ్మకం నాకు లేదు. పేర్లను ఇంగ్లీషు లిపిలోకి మార్చమని తమ్ముడు సలహా ఇచ్చాడు. అప్పుడు అక్షరానికి ఒక బైటే. పని సులువే గానీ నాకు మనసొప్పలేదు. మండలాలకు అంకెలు వేస్తే డైరెక్టరీ తెరిచినవాడికి ఏది ఏ ఊరో తెలియదు.

చివరికి, ఊరి పేరును కుదించి రాసే బస్సు బోర్డు పద్ధతిలోనే నడిచాను. ‘జిల్లా’, ‘మండలం’ అనే తోకలను కత్తిరించి, బుక్కరాయసముద్రాన్ని అందరూ పిలిచినట్టే ‘బి.కె.సముద్రం’ చేసి, పూర్తి పేర్లన్నిటినీ ప్యాకేజీలోనే ఒక సూచిక ఫైలులో ఉంచాను. దారి 114 బైట్లకు దిగింది. వెర్షన్ సంఖ్య కూడా దారిలో భాగమే కనుక 1.10 వచ్చిన నాడు ఇంకొక బైటు పెరుగుతుంది. ఇప్పుడు టార్ ఒక్క ఫైలును వదిలేసినా నా స్క్రిప్టు అక్కడికక్కడే ఆగిపోతుంది.