రోబో వ్యాక్యూమ్ చక్రం మొరాయిస్తే: మాడ్యూల్ మొత్తం కాదు, మోటారు ఒక్కటే మార్చుకోవచ్చు

రోబో వ్యాక్యూమ్ ఉన్నచోటే గిరగిరా తిరుగుతోందన్నా, కాస్త దూరం వెళ్లి ఆగిపోయి చక్రం ఇరుక్కుందని చెబుతోందన్నా, రిపేరుకి అడిగిన చోట సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: చక్రం మాడ్యూల్ మొత్తం మార్చాలి. ఆ మాట వినగానే ఆర్డర్ పెట్టేయకండి. మాడ్యూల్ అంటే ఒక వస్తువు కాదు. అందులో మోటారు, గేర్లు, చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడర్, చక్రం కిందికి వేలాడితే పసిగట్టే చిన్న స్విచ్, స్ప్రింగ్, రబ్బరు టైరు అన్నీ ఉంటాయి. వీటిలో ఏది పాడైనా రోబో చెప్పే ఎర్రర్ దాదాపు ఒకేలా ఉంటుంది. నిజంగా మోటారే పోయినా, అది ఒక్కటే మార్చుకునే వీలు చాలా మోడళ్లలో ఉంది. దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గునుపురం లాంటి ఊళ్లలో ఉండే మనకి ఈ పని తెలిసి ఉండటం మరీ అవసరం.

మన వైపు ఈ చక్రాలు దేనివల్ల పాడవుతాయో ముందు చెప్తాను. విప్పాక ఏం వెతకాలో దాన్నిబట్టే తెలుస్తుంది. మొదటిది ముగ్గుపిండి. గుమ్మం ముందు, దేవుడి గదిలో వేసిన ముగ్గు మీదుగా రోబో వెళ్తే మెత్తటి పిండి చక్రం పక్క సందులోంచి గేర్ల పెట్టెలోకి చేరుతుంది. అదే రోబో తడిగుడ్డ కూడా పెడుతుంటే ఆ పిండి తడిసి, ఎండి, గేరు పళ్ల మధ్య గట్టిపడుతుంది. రెండోది దారం. బరంపురంలో పట్టు నేసే ఇళ్లలో తెగిపడిన పోగులు వెంట్రుకలకన్నా మొండివి. చక్రం ఇరుసుకి చుట్టుకుని బిగుసుకుంటూ పోతాయి, ప్లాస్టిక్‌ని కోసేస్తాయి. మూడోది ఉప్పుగాలి. గోపాల్‌పూర్ వైపు ఇళ్లలో కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము, గేర్ల ఉక్కు ఇరుసుల మీద తుప్పు కనిపిస్తాయి. రాయగడ, కోరాపుట్ వైపు అయితే ఎర్రమట్టి బుగ్గి. అది గ్రీజులో కలిస్తే గరుకు ముద్దలా మారి, ఇరుసుని పట్టి ఉంచే బుష్‌నీ గేరు పళ్లనీ అరగదీస్తుంది.

విప్పకముందే చేతితో చేసే పరీక్షలు కొన్ని ఉన్నాయి, సగం సంగతి వాటితోనే తేలిపోతుంది. రోబోని ఆఫ్ చేసి వెల్లకిలా పెట్టండి. రెండు చక్రాలనీ వేలితో లోపలికి నొక్కి వదలండి. రెండూ ఒకే ఊపుతో బయటికి రావాలి. ఒకటి బద్ధకంగా వస్తుంటే స్ప్రింగ్ దగ్గర చెత్త ఉంది, లేదా స్ప్రింగ్ కొక్కెం నుంచి జారింది. చెత్త వల్ల చక్రం కిందనే ఇరుక్కుపోతే అది వేలాడుతోందని స్విచ్ చెబుతుంది కాబట్టి రోబో నడవదు, మోటారుకి దీనితో సంబంధం లేదు. తర్వాత ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పి చూడండి. పళ్లు దాటి జారుతున్నట్టు టకటక వస్తే గేరు పన్ను విరిగింది. స్టార్ట్ చేసినప్పుడు మోటారు గుయ్యిమని తిరుగుతున్న శబ్దం వచ్చి చక్రం కదలకపోతే, మోటారు ఇరుసు మీద ఉండే చిన్న పళ్లచక్రం, అంటే పినియన్, చీలి ఇరుసు మీద ఖాళీగా తిరుగుతోందన్నమాట. ప్లాస్టిక్ పినియన్లలో ఇది తరచుగా వస్తుంది: ఇరుసు మీదకి బిగువుగా ఎక్కించినందున ఆ ప్లాస్టిక్ ఎప్పుడూ సాగదీసినట్టే ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ చీలిపోతుంది.

ఇక విప్పడం. మొట్టమొదట బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి. చాలా రోబోల్లో నాలుగు లిథియం సెల్స్ వరసగా ఉంటాయి, పేరుకి 14.4 వోల్టులు, నిండా చార్జ్ అయితే 16.8. స్క్రూడ్రైవర్ జారి రెండు పిన్నులు కలిస్తే రోబోని నడిపే సర్క్యూట్ బోర్డు కాలిపోవడానికి అది చాలు. పక్క బ్రష్, మధ్య బ్రష్, చెత్త డబ్బా తీసేశాక అడుగు మూత స్క్రూలు విప్పాలి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే లోపలి బోర్డుకో పై మూతకో గుచ్చుకుంటుంది. అట్ట ముక్క మీద రోబో ఆకారం గీసి, ఏ స్క్రూ ఆ చోటే గుచ్చి పెట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి. కొన్ని మోడళ్లలో మాడ్యూల్ మూడు నాలుగు స్క్రూలతోనే కిందనుంచి ఊడి వస్తుంది, కొన్నింట్లో పై మూత కూడా తీయాలి. మూత ఎత్తేటప్పుడు గబుక్కున లాగొద్దు, కింద పల్చటి రిబ్బన్ తీగలు ఉంటాయి.

మాడ్యూల్ చేతికొచ్చాక మల్టీమీటర్ (వోల్టేజి, నిరోధం కొలిచే పరికరం) లేకుండానే చేయగల మంచి పరీక్ష ఒకటుంది. మోటారుకి వెళ్లే రెండు తీగలూ తెలుసుకోండి, సాధారణంగా అవి మిగతావాటికన్నా లావుగా ఉంటాయి. కనెక్టర్ ఊడదీసిన స్థితిలో చక్రం తిప్పి దాని బరువు గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు ఆ రెండు తీగల కొసల్నీ ఒక చిన్న తీగముక్కతో కలిపి మళ్లీ తిప్పండి. మోటారు బాగుంటే చక్రం ఇప్పుడు స్పష్టంగా బరువెక్కాలి. తిరిగే మోటారు డైనమోలా కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు మోటారు లోపలి తీగ చుట్టలోనే తిరిగి వచ్చి బ్రేకు వేస్తుంది. తీగలు కలిపినా కలపకపోయినా ఒకేలా తేలిగ్గా తిరుగుతుంటే లోపల ఎక్కడో తెగింది: మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న ముక్క, అంటే మోటారు బ్రష్, అరిగిపోయి ఉండాలి, టాంకా ఊడి ఉండాలి, చుట్ట తెగి ఉండాలి. కలపకముందే బరువుగా ఉంటే చెత్తయినా పట్టి ఉండాలి, లోపల షార్టయినా ఉండాలి. మోటారు రెండు కాళ్ల మధ్య 104 అని రాసి ఉండే చిన్న సిరామిక్ కెపాసిటర్ ఉంటుంది, అంటే 0.1 మైక్రోఫారడ్. అది షార్ట్ అయినా ఇదే బరువు వస్తుంది. దాని ఒక కాలు ఊడదీసి మళ్లీ తిప్పి చూస్తే తేలిపోతుంది. అప్పుడు చక్రం తేలికైతే మార్చాల్సింది ఆ కెపాసిటర్ ఒక్కటే.

మీటర్ ఉంటే మోటారు నిరోధం కొలవండి. ఒక్కసారి కొలిచి వదలొద్దు. చక్రాన్ని కొంచెం తిప్పి, ఆపి, కొలిచి, మళ్లీ కొంచెం తిప్పి, అలా పది పన్నెండు చోట్ల చూడాలి. తిరుగుతుండగా మాత్రం కొలవకూడదు, మోటారు పుట్టించే వోల్టేజి మీటర్‌ని తప్పుదారి పట్టిస్తుంది. రెండో వైపు చక్రాన్నీ అలాగే కొలిచి పోల్చండి. ఎదురుగా మంచి మోటారు ఉండగా ఏ పట్టికతోనూ పని లేదు. అన్ని చోట్లా అంకెలు దగ్గరదగ్గరగా ఉంటే సరి. ఏదో ఒక చోట మాత్రం ఓపెన్, అంటే దారి తెగినట్టు, చూపిస్తే బ్రష్‌లు ఆనుకునే కమ్యుటేటర్ మీద ఒక ముక్క కాలిపోయింది. ఇలాంటి మోటారు ఒక్కోసారి నడుస్తుంది, ఒక్కోసారి ఆ చోటే ఆగి కదలదు. వేలితో ఒక తోపు తోస్తే మళ్లీ బయల్దేరుతుంది.

6 వోల్టుల సప్లయి ఇచ్చి కరెంటు చూడటం ఇంకా మంచిది. నేలకి తగలకుండా తిరిగే చక్రం సాధారణంగా 100 మిల్లీ ఆంపియర్లకి అటూ ఇటూ తీసుకుంటుంది. రెండో చక్రం కన్నా రెండింతలు తీసుకుంటుంటే రాపిడి ఎక్కువైంది. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, చక్రం ఇరుక్కుందా లేదా అని బోర్డు తేల్చుకునేది ఎక్కువగా కరెంటునీ ఎన్‌కోడర్ లెక్కనీ చూసే. చుట్ట నిరోధం 10 ఓములు అనుకుంటే, ఇరుసు కదలని స్థితిలో 14.4 వోల్టుల దగ్గర 1.4 ఆంపియర్లు దాటుతుంది. బోర్డు వెంటనే ఆపేస్తుంది.

ఎన్‌కోడర్‌ని వదిలేయొద్దు. మోటారు బాగా తిరుగుతున్నా ఎన్‌కోడర్ పంపే పల్సులు అందకపోతే చక్రం కదలడం లేదనే బోర్డు అనుకుంటుంది. చిల్లుల చక్రం, దాని అటూ ఇటూ వెలుగు సెన్సార్ ఉండే రకమైతే ముగ్గుపిండి చిల్లుల్ని మూసేస్తుంది, మెత్తటి బ్రష్‌తో దులిపితే చాలు. అయస్కాంతం, దాన్ని పసిగట్టే హాల్ సెన్సార్ ఉండే రకమైతే బుగ్గి అంతగా పట్టించుకోదు గానీ, అయస్కాంతం ఇరుసు మీద వదులైందేమో చూడాలి. సెన్సార్‌కి అది కోరే వోల్టేజి, 3.3 లేదా 5, ఇచ్చి సిగ్నల్ తీగ దగ్గర కొలుస్తూ మోటారు ఇరుసుని నెమ్మదిగా తిప్పండి. రీడింగు సున్నా దగ్గరికీ పైకీ మారుతూ ఉండాలి.

మోటారే పోయిందని తేలాక కొత్తదాని కొలతలు చూసుకోవాలి. చాలా చోట్ల కనిపించేది 24 మి.మీ. వ్యాసం ఉండే 370 రకం. వ్యాసం ఒక్కటే కలిస్తే చాలదు. ఇరుసు లావు 2 మి.మీ. ఉందా, 2.3 ఉందా, వెనక ఎన్‌కోడర్ కోసం ఇరుసు బయటికి వచ్చి ఉందా, ముందు స్క్రూ చిల్లుల దూరం ఎంత, ఆ వోల్టేజికి నిమిషానికి ఎన్ని చుట్లు, ఇవన్నీ వెర్నియర్‌తోనూ పాత మోటారు మీద రాతతోనూ సరిపెట్టుకోండి. చుట్లు బాగా తేడాగా ఉన్న మోటారు వేస్తే ఆ వైపు వేగం సరిచేయడానికి బోర్డు ఎప్పుడూ తంటాలు పడుతుంది, రోబో సరళరేఖలో పోకుండా పాములా పోతుంది. పాత మోటారుకి చుట్ట చుట్టించడం దండగ, అంత చిన్న ఆర్మేచర్ (మోటారు లోపల చుట్టతో తిరిగే భాగం) మీద పెట్టే పనికి కొత్త మోటారే చవక.

పినియన్ తీయడంలోనే మోటార్లు ఎక్కువగా పాడవుతాయి. తీయకముందే మోటారు ముఖం నుంచి పినియన్ కొస దాకా ఎంత ఉందో కొలిచి రాసుకోండి. స్క్రూడ్రైవర్‌తో ఎగదన్నొద్దు, ఇరుసు వంగుతుంది. చిన్న పుల్లర్ దొరుకుతుంది, బొమ్మ కార్ల సామాన్లు అమ్మే చోట అడగండి. చీలిన ప్లాస్టిక్ పినియన్ బదులు అదే పళ్ల సంఖ్య, అదే పన్ను సైజు ఉన్న ఇత్తడిది దొరికితే అదే వేయండి. ఎక్కించేటప్పుడు మోటారు వెనక ప్లాస్టిక్ మూత మీద ఆనించి నొక్కకూడదు. ఇరుసు వెనక కొసని గట్టి ఇనుప ముక్క మీద నిలబెట్టి నొక్కాలి, అప్పుడు బలం అంతా ఇరుసు మీదే పడుతుంది. లేకపోతే ఆర్మేచర్ జరిగి బ్రష్‌లకి తగులుతుంది. పినియన్ నిలవడానికి సూపర్ గ్లూ వద్దు. దాని ఆవిరి మోటారు లోపల, వెలుగు సెన్సార్ మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది.

తీగలు ఊడదీసే ముందు ఏ కాలుకి ఏ రంగో ఫోటో తీయండి. ప్లస్ కాలు దగ్గర ఎర్ర చుక్కో ప్లస్ గుర్తో ఉంటుంది. తారుమారైతే చక్రం వెనక్కి తిరుగుతుంది, రోబో ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. టాంకా వేసేటప్పుడు సోల్డరింగ్ ఐరన్ కొస రెండు మూడు సెకన్లకి మించి ఆనించొద్దు, కాళ్లని పట్టి ఉంచే ప్లాస్టిక్ మెత్తబడి బ్రష్ పక్కకి జరుగుతుంది. పాత 104 కెపాసిటర్ బాగుంటే దాన్నే కొత్త మోటారుకి మార్చండి. దాన్ని వదిలేస్తే బ్రష్‌ల మెరుపుల వల్ల పుట్టే గందరగోళం ఎన్‌కోడర్ సిగ్నల్‌లోకి పోతుంది.

గేర్ల పెట్టె ఎలాగూ తెరిచారు కాబట్టి, గేర్లని గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఏది ఏ ఇరుసు మీదదో ముందే ఫోటో ఉండాలి. ప్లాస్టిక్‌కి పనికొస్తుందని రాసి ఉన్న గ్రీజు, ఒక్కో గేరు పళ్లకి ఆవగింజంత చాలు. ఎక్కువ పెడితే బుగ్గిని పిలిచి పెట్టుకున్నట్టే. తుప్పు వదిలించే స్ప్రేలు మోటారు లోపలికి కొట్టొద్దు. బుష్‌లో ఇంకి ఉన్న నూనెని అవి కడిగేస్తాయి, బొగ్గు పొడితో కలిసి కమ్యుటేటర్ గాడుల్లో జిగురులా నిలుస్తాయి. బుష్ ఎండినట్టుంటే బయటినుంచి ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె సరిపోతుంది.

కొత్త మోటారు వేసినా చక్రం కదలకపోతే బోర్డు వైపు చూడాలి. రోబో స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లలోనే మోటారు కాళ్ల మధ్య వోల్టేజి వస్తోందో లేదో కొలవండి, తర్వాత బోర్డు ఎర్రర్ చెప్పి ఆపేస్తుంది. వోల్టేజి రాకపోతే, బ్యాటరీ తీసేసి, ఆ వైపు మోటారు అవుట్‌పుట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య నిరోధం కొలిచి రెండో వైపుతో పోల్చండి. సున్నా దగ్గర ఉంటే మోటారుకి కరెంటు పంపే డ్రైవర్ ఐసీ లేదా మోస్‌ఫెట్ షార్ట్ అయింది. స్విచ్ వేయగానే ఒక చక్రం ఆగకుండా పరిగెడుతున్నా అనుమానం దాని మీదే. ఐసీ మార్చడం వేడిగాలి స్టేషన్ ఉన్నవాళ్ల పని, మొబైల్ రిపేరు చేసేవాళ్లకి ఇస్తే చేస్తారు. పాత మోటారు షార్ట్ అయి ఐసీని కాల్చి ఉంటే, అదే మోటారుతో కొత్త ఐసీని పరీక్షించొద్దు.

బిగించాక రోబోని వెంటనే నేల మీద వదలకండి. పుస్తకాల దొంతర మీద పొట్ట ఆనేలా పెట్టి, చక్రాలు లోపలికి నొక్కుకుని ఉండేలా చేత్తో పట్టుకుని స్టార్ట్ చేయండి. రెండూ ఒకే వైపు, ఒకే వేగంతో తిరగాలి. తర్వాత ఖాళీ గదిలో వదిలి సరళరేఖలో పోతోందా చూడండి. బాగుంటే అప్పుడు టైర్లు చూసుకోండి. అరిగి నున్నబడిన టైరు జారితే చక్రం తిరిగినట్టు ఎన్‌కోడర్ లెక్క చెబుతుంది, రోబో మాత్రం కదలదు, మ్యాపు తప్పుతుంది.

మన పాత ఇళ్లలో గడపలు ఎత్తు. మామూలుగా రోబోలు ఎక్కగలిగేది 2 సెం.మీ. దాకానే. అంతకన్నా ఎత్తైన గడప దగ్గర రోబో రోజూ పదేపదే ఎగబడితే, ఇరుసు ఆగిపోయిన స్థితిలోనే మోటారు మాటిమాటికీ కరెంటు లాగుతుంది, బ్రష్‌లూ పినియనూ తొందరగా అరిగిపోతాయి. యాప్‌లో గడప ముందు, ముగ్గు వేసే చోట వెళ్లకూడదని గీత గీసి పెట్టండి. యాప్ లేని రోబో అయితే గడపకి అడ్డంగా ఒక చెక్కపలక నిలబెట్టినా సరిపోతుంది.