చెరువు పేజీ: ఖాళీ గ్రాఫ్ చిక్కు వీడింది, ఐడీ చివరి 157 ఎటు పోయిందో తెలిసింది

దొరికింది! భీమవరం వైపు వనామి రొయ్యల చెరువుల కోసం నడుస్తున్న ఉష్ణోగ్రత పేజీలో సెన్సర్ల పట్టిక చక్కగా వచ్చేది, ఏ సెన్సర్ మీద నొక్కినా గ్రాఫ్ మాత్రం ఖాళీ. తప్పు వైర్లలో లేదు, గట్టు మీది సిగ్నల్‌లో లేదు, డేటాబేస్‌లోనూ లేదు. సర్వర్ డేటాని టెక్స్టుగా పంపే పద్ధతి జేసన్, దాన్ని బ్రౌజర్ చదివే తీరులో ఉంది.

మిగతా పనంతా బాగానే ఉంది. ఈఎస్పీ32 అనే చిన్న వైఫై బోర్డులు ఐదు నిమిషాలకోసారి పంపుతున్నాయి, పైథాన్ సర్వర్ ఫ్లాస్క్ అందుకుంటోంది, పైనీటికీ అడుగునీటికీ తేడా తెలుస్తోంది.

ముందు అనుమానం టైమ్‌జోన్ మీద. ఐదున్నర గంటల తేడాతో పాయింట్లన్నీ గ్రాఫ్ అంచు దాటి పోతున్నాయేమో అని తేదీ హద్దు తీసేసినా ఖాళీయే. తర్వాత క్యాష్, అంటే బ్రౌజర్ దాచుకున్న పాత కాపీ; అదీ కాదు. బ్రౌజర్ లేకుండా కమాండ్‌తో అడిగే కర్ల్‌తో అడిగితే డేటా నిక్షేపంలా వస్తోంది, పేజీలో నొక్కితే 404, అంటే దొరకలేదని. డమ్మీ సెన్సర్లకి 1, 2, 3 అని ఐడీలు ఇస్తే పేజీలోనూ గ్రాఫ్ వస్తోంది! గుట్టు ఇక్కడే బయటపడింది.

నీటి ఉష్ణోగ్రత కొలిచే డీఎస్18బీ20 ప్రోబ్ ఒక్కోదానికీ ఫ్యాక్టరీలోనే 64 బిట్ల ఐడీ పడుతుంది: హెక్సాలో (16 ఆధారంగా రాసే అంకెల్లో) 28 అనే ఫ్యామిలీ కోడ్ ఒక బైటు, సీరియల్ ఆరు బైట్లు, చివర తప్పు పట్టే సీఆర్సీ ఒక బైటు. ఎనిమిదీ వరసగా కలిపితే 19 అంకెల పూర్ణాంకం. మన డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌లో ఇబ్బంది లేకుండా పడుతుంది. పైథాన్‌కి పూర్ణాంకం ఎంత పెద్దదైనా లెక్కలేదు, అందుకే సర్వర్ వైపు టెస్టులన్నీ పాస్.

ఇప్పుడు క్రోమ్ నెట్‌వర్క్ ట్యాబ్ చూడండి. రెస్పాన్స్‌లో 2954189960843273157. పక్కనే ప్రివ్యూలో 2954189960843273000. రెస్పాన్స్ అంటే వచ్చిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు; ప్రివ్యూ అంటే జావాస్క్రిప్ట్ చదివాక మిగిలింది. జావాస్క్రిప్ట్‌లో మామూలు నంబర్ ఫ్లోటింగ్ పాయింటే (దశాంశాల కోసం చేసిన, పరిమిత కచ్చితత్వం ఉన్న రూపం) కాబట్టి పూర్ణాంకాలకి 53 బిట్లే నమ్మకం: 9007199254740991 వరకు. మన ఐడీలున్న ఎత్తులో పక్కపక్క సంఖ్యల మధ్య ఎడం 512. అంటే 157తో ముగిసేది లోపల 216తో ముగిసే సంఖ్యగా మారుతుంది, అచ్చు వేసేటప్పుడు గుర్తుపట్టడానికి సరిపడా అంకెలే వేసి మిగతావి సున్నాలు పెడుతుంది. ఆ సున్నాల ఐడీతో వెనక్కి అడిగితే సర్వర్ లేదనక ఏమంటుంది?

జేసన్ ప్రమాణం అంకె పొడవుకి హద్దు పెట్టదు. కానీ జేసన్‌ని నిర్వచించే 2017 నాటి ఆర్ఎఫ్‌సీ 8259 పత్రం ఈ 53 బిట్ల సంగతి హెచ్చరిస్తూనే ఉంది. జేసన్ చూసే కమాండ్ జేక్యూతో సరిచూసేవాళ్లు వెర్షన్ గమనించండి: 1.6 కూడా ఇలాగే గుండ్రం చేస్తుంది, 1.7 నుంచి ముట్టుకోని అంకెని అలాగే వదిలేస్తుంది.

మందు చిన్నదే. ఐడీని కొటేషన్లలో పెట్టి, 16 హెక్సా అక్షరాల స్ట్రింగ్‌గా పంపడం. కూడికా తీసివేతా చేయని దాన్ని అంకెగా పంపాల్సిన అవసరమే లేదు, ఫోన్ నంబరైనా ఆధార్ అయినా అంతే. జావాస్క్రిప్ట్‌లో పెద్ద పూర్ణాంకాల కోసం బిగ్ఇంట్ దారి ఉంది గానీ, జేసన్ చదివే జేసన్ పార్స్ తనంతట తాను బిగ్ఇంట్ ఇవ్వదు. జేసన్ బదులు వాడే బైనరీ పద్ధతి మెసేజ్‌ప్యాక్‌కి మారితే పోతుందనేవాళ్లున్నారు. దాని ప్రధాన జావాస్క్రిప్ట్ లైబ్రరీ కూడా 64 బిట్ల ఆప్షన్ విడిగా ఆన్ చేస్తే తప్ప మామూలు నంబరే ఇస్తుంది. అందరూ ముసలిదని పక్కన పెట్టిన ఎక్స్ఎంఎల్‌లో (ట్యాగుల మధ్య డేటా పెట్టే పద్ధతి) అంతా టెక్స్టే కాబట్టి అసలీ గొడవే వచ్చేది కాదు!

అయినా ఎక్స్ఎంఎల్‌కి వెళ్లేది లేదు, బరువు ఎక్కువ. రోజుకి 288 రీడింగులు. ఒక్కో రీడింగుకి టైమూ విలువా ట్యాగుల్లో పెడితే దాదాపు 10 కేబీ. జేసన్ ఆబ్జెక్టులైతే 7.5 కేబీ. టైములన్నీ ఒక వరస, విలువలన్నీ ఒక వరస చేస్తే 4.6. మొదటి టైము, 300 సెకన్ల అడుగు ఒక్కసారి చెప్పి విలువలే పంపితే 1.4 కేబీ. కుదించే జీజిప్ వేస్తే ఈ తేడా బాగా తగ్గుతుంది, కాని తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళ గట్టు మీద ఒక్క గీత సిగ్నల్‌తో ఫోన్ తెరిచే రైతుకి చిన్నదే మేలు.

ఆ చివరి పద్ధతిలో రీడింగ్ తప్పిపోతే ఆ చోట నల్ (విలువ లేదనే గుర్తు) పెట్టాలి, లేకపోతే అక్కడి నుంచి గ్రాఫంతా ఐదు నిమిషాలు జరిగిపోతుంది. వైరు ఊడితే సెన్సర్ చదివే లైబ్రరీ ఇచ్చే మైనస్ 127ని సర్వర్లోనే నల్ చేయాలి. పవర్ వచ్చీ రాగానే కనిపించే 85నీ అంతే, చెరువు నీరు ఎటూ 85 డిగ్రీలు ఉండదు. పైథాన్ నాన్ (సంఖ్య కాదు అనే) విలువని అలాగే రాసి పంపేస్తుంది, దాన్ని చూడగానే బ్రౌజర్ పార్స్ మొత్తం ఆపేస్తుంది. అందుకని పైథాన్‌లో జేసన్ రాసే డంప్స్‌కి అలో నాన్ ఫాల్స్ ఇవ్వాలి.

తర్వాతి పని పట్టిక. దానికి జేసన్ పంపి బ్రౌజర్లో వరసలు కట్టడం దండగ, సర్వర్ నుంచే తయారైన హెచ్‌టీఎంఎల్ ముక్క పంపి హెచ్‌టీఎంఎక్స్ అనే చిన్న లైబ్రరీతో పేజీలో అతికించడం సుఖం. జేసన్ గ్రాఫ్‌కి మాత్రమే. ఆక్సిజన్ ప్రోబ్ వచ్చాక దాని విలువలు అదే 300 సెకన్ల వరసలో రెండో జాబితాగా చేరతాయి, ఐడీ మాత్రం మొదటి నుంచే కొటేషన్లలో.