టెక్సాస్‌లో ప్రిన్సిపల్ సర్టిఫికెట్: నా అనుభవం

మా నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆ ప్రమోషన్ కోసం గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్టు రాసిన రోజుల్లో ఆయన వసారాలో మంచం నిండా పుస్తకాలు పరుచుకుని కూర్చునేవారు. అందుకే నేను ఇక్కడ ప్రిన్సిపల్ సర్టిఫికెట్‌కు చదువుతున్నానని ఫోన్లో చెప్పగానే, "నీ సీనియారిటీ ఎంతమ్మా?" అని అడిగారు. ఇక్కడ సీనియారిటీ లెక్క కాదని ఆయనకు అర్థమయ్యేలా చెప్పేసరికి అరగంట పట్టింది.

టెక్సాస్‌లో కావలసినవి ఇవి. చేతిలో టీచర్ సర్టిఫికెట్ ఉండాలి. కనీసం రెండేళ్లు క్లాసులో పాఠం చెప్పి ఉండాలి. మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. రాష్ట్రం ఆమోదించిన శిక్షణ పూర్తి చేయాలి. ఆ పైన రెండు పరీక్షలు. అసిస్టెంట్ ప్రిన్సిపల్ ఉద్యోగానికి కూడా ఇదే సర్టిఫికెట్ అడుగుతారు. ఏ సబ్జెక్టులోనైనా మాస్టర్స్ ఉన్నవాళ్లు మళ్లీ డిగ్రీ చేయక్కర్లేదు, శిక్షణగా సర్టిఫికెట్ కోర్సు ఒక్కటీ చేస్తే సరిపోతుంది. నాకున్నది బీటెక్ మాత్రమే. మావారి ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్4 వీసాతో వచ్చి, 2015లో మా బోటి వాళ్లకు పని చేసుకునే అనుమతి వచ్చాక సబ్‌స్టిట్యూట్ టీచరుగా మొదలుపెట్టి, తర్వాత మిడిల్ స్కూల్లో లెక్కల టీచర్నయ్యాను. కాబట్టి రెండేళ్ల ఆన్‌లైన్ ఎం.ఇడి.లో చేరాను. డాలస్ చుట్టుపక్కల టీచర్లుగా పనిచేస్తున్న మన తెలుగు ఆడవాళ్లు చాలామంది ఈ దారి గురించి అడుగుతున్నారు కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

ఆన్‌లైన్ అంటే తేలికనుకుని చేరకండి. ఒక్కో కోర్సు ఏడెనిమిది వారాల్లో అయిపోతుంది. వారంలో రెండు చర్చా వ్యాసాలు, ఒక పేపరు, ఆదివారం రాత్రి 11:59కి గడువు. ఆ రెండేళ్లూ మా ఇంట్లో ఆదివారం వంట మావారిదే. పిల్లల పుట్టినరోజులకు కూడా లాప్‌టాప్ పట్టుకునే వెళ్లాను.

చదివిన వాటిలో నన్ను కదిలించింది స్కూల్ లా కోర్సు. ప్లైలర్ వర్సెస్ డో అనే కేసు ఈ టెక్సాస్‌లోనే, టైలర్ అనే ఊళ్లో పుట్టింది. కాగితాలు లేని వలస కుటుంబాల పిల్లలు బడికి రావాలంటే ఏడాదికి 1,000 డాలర్లు కట్టాలని అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ పట్టుబట్టింది. 1982లో సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా ఆ పిల్లల పక్షాన తీర్పు ఇచ్చింది. ఒక్క జడ్జి అటు మొగ్గి ఉంటే ఏమయ్యేదో అనుకుంటూ ఆ రాత్రి చాలాసేపు నిద్రపోలేదు. నా క్లాసులో కూర్చునే పిల్లల్లో ఎవరి ఇంట్లో ఏ కాగితాలున్నాయో నాకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. అలా అడగకుండా ఉండటం వెనక ఇంత చరిత్ర ఉందని అప్పుడే తెలిసింది.

ఇంకో కేసు 1973 నాటి రోడ్రిగెజ్. శాన్ ఆంటోనియోలో బీద పేటల తల్లిదండ్రులు, ఆస్తిపన్ను మీద నడిచే బళ్లలో మా పిల్లలకు అన్యాయం జరుగుతోందని కోర్టుకెక్కి ఓడిపోయారు. అమెరికా రాజ్యాంగం ప్రకారం చదువు ప్రాథమిక హక్కు కాదని తేల్చారు. మన రాజ్యాంగంలో 2002 సవరణతో వచ్చిన 21ఎ అధికరణం ఉంది, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు. ఈ తేడా చెబితే మా ఆన్‌లైన్ క్లాసులో చాలామంది ఆశ్చర్యపోయారు. హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన మన ఊరి బడికి గోడలు లేవవని నేనే ఒప్పుకున్నాను. అయినా ఆ మాట రాజ్యాంగంలో ఉండటం చిన్న విషయం కాదు.

ఇక ప్రాక్టికం, అంటే ప్రిన్సిపల్ పని స్వయంగా చేసి నేర్చుకోవడం. చదువు ఆన్‌లైనే గానీ, ఈ పని మాత్రం బళ్లోనే చేయాలి. కనీసం 160 గంటలు. మన పాఠాలు చెప్పుకునే గంటలు ఇందులో కలవవు. పొద్దున బస్సుల దగ్గర డ్యూటీ, లంచ్ రూము, రాష్ట్రం పిల్లలకు పెట్టే స్టార్ పరీక్షల ఏర్పాట్లు, టైమ్ టేబుల్ కట్టడం, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బళ్లో ఏ సాయం ఇవ్వాలో తల్లిదండ్రులతో కూర్చుని నిర్ణయించే ఎ.ఆర్.డి. మీటింగులు. మా ప్రిన్సిపల్ నాకు గురువుగా ఉండటానికి ఒప్పుకుని, ఏ మీటింగుకూ రావద్దని ఒక్కసారి కూడా అనలేదు. ఆమెకు నేను రుణపడి ఉంటాను. యూనివర్సిటీ నుంచి ఒక సూపర్‌వైజర్ నా పనిని మూడుసార్లు పరిశీలించారు.

ఒక్క దెబ్బ మాత్రం గట్టిగా తగిలింది. అరవై గంటలు దాటాక, గంటలు రాసుకునే ఫారం మారిందనీ, పాతది చెల్లదనీ మా ప్రోగ్రామ్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ముందు ఎవరూ చెప్పలేదు. మొత్తం మళ్లీ రాసి, మళ్లీ సంతకాలు పెట్టించాను. ఏ రోజు పని ఆ రోజే తారీఖుతో, నేర్చుకున్నది ఒక వాక్యంగా నోటు పుస్తకంలో రాసుకునే అలవాటు ఉండబట్టి గట్టెక్కాను. మీరూ అలాగే రాసుకోండి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇంకొకరి క్లాసు చూడటం నేర్చుకోవడం ఒక ఎత్తు. ఇక్కడ టీచర్ల పనితీరును టి-టెస్ అనే పద్ధతిలో చూస్తారు. నాలుగు విభాగాలు, పదహారు అంశాలు. దానికి విడిగా శిక్షణ తీసుకోవాలి. వీడియోలో ఒక పాఠం చూపించి, ఏం చూశారో రాయమన్నారు. "టీచర్ చక్కగా చెప్పారు, పిల్లలు శ్రద్ధగా విన్నారు" అని రాశాను. అది అభిప్రాయం, ఆధారం కాదన్నారు. టీచర్ ఏ మాట అన్నారు, ఏ పిల్లవాడు ఏం జవాబిచ్చాడు, ఎన్ని నిమిషాలు ఎవరు మాట్లాడారు, అదే రాయాలి.

తర్వాత మా బళ్లోనే ఒక టీచర్ క్లాసులో వెనక కూర్చుని రాశాను. ఆమె అడిగిన ప్రశ్నలు 31. జవాబు చెప్పింది ఐదుగురే, ఆ ఐదుగురూ ముందు వరసల్లో వాళ్లే. ఆ కాగితం ఆమె ముందు పెట్టి, "మీకు ఇందులో ఏం కనిపిస్తోంది?" అని మాత్రం అడిగాను. ఆమె చాలాసేపు చూసి, వెనక కూర్చునే పిల్లల పేర్లు ఒక్కొక్కటీ చదివింది. నేను సలహా ఇవ్వలేదు. రెండు వారాల తర్వాత వెళ్తే బల్లల అమరికే మారిపోయింది. నా చిన్నప్పుడు డీఈఓ ఇన్‌స్పెక్షన్ అంటే బడంతా వణికేది, మా నాన్నగారు కూడా. తప్పులు పట్టుకోవడం కాకుండా క్లాసును ఇలా కూడా చూడొచ్చని నలభై ఏళ్లు దాటాక తెలిసింది.

పరీక్షల సంగతి. మొదటిది 268, అది ఆ పరీక్ష నంబరు. అపాయింట్‌మెంటు ఐదు గంటలు, 70 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, నాలుగు రాసే ప్రశ్నలు. 300కి 240 వస్తే పాస్. మొదటిసారి నాకు 233. కారులో కూర్చుని ఏడ్చాను. మొత్తం ఐదుసార్లే రాయనిస్తారు కాబట్టి టెన్షన్ పెరిగిపోయింది. తర్వాత నింపాదిగా చూసుకుంటే తప్పు తెలిసింది. రాసే ప్రశ్నల్లో మార్కుల పట్టికలు, టీచర్ల సర్వేలు ఇస్తారు. నేను నాయకత్వం గురించి మంచి మాటలు రాసి వచ్చాను. వాళ్లకు కావలసింది, ఫలానా పట్టికలో ఫలానా అంకె ఇలా ఉంది, కాబట్టి మొదట ఈ పని చేస్తాను, అని. రెండోసారి అలా రాస్తే 251 వచ్చింది.

రెండోది పాజిల్ (PASL). ఇది హాల్లో కూర్చుని రాసేది కాదు. బళ్లో నిజంగా మూడు పనులు చేసి, ఆధారాలతో రాసి పంపాలి: ఒక సమస్య పరిష్కరించడం, టీచర్లకు శిక్షణ ఏర్పాటు చేయడం, ఒక బృందాన్ని కూడగట్టి నడపడం. మూడోదానికి 15 నిమిషాల వీడియో కావాలి, అందులో కనిపించే ప్రతి ఒక్కరి అనుమతి పత్రమూ కావాలి. మా బృందంలో ఒకరు చివర్లో సంతకం పెట్టనన్నారు. అది వారి హక్కు. అందరినీ మళ్లీ కూర్చోబెట్టి వీడియో తీశాం. నా యాసతో ఎలా వినిపిస్తానో అన్న భయం మొదటి వీడియోకి ఉంది, రెండోదానికి లేదు.

సర్టిఫికెట్ ఐదేళ్లకు వస్తుంది, ఆ లోపు 200 గంటల శిక్షణ చూపించి రెన్యూ చేసుకోవాలి. ఉద్యోగం వెంటనే రాలేదు. ఎనిమిది ఇంటర్వ్యూల తర్వాత అసిస్టెంట్ ప్రిన్సిపల్నయ్యాను.

మొన్న ఒక ఎ.ఆర్.డి. మీటింగుకు ఒక తెలుగు తల్లి వచ్చింది. పెద్దవాళ్లు చెబుతున్నారు కదా అని ప్రతిదానికీ తలూపుతూ, పెన్ను అప్పటికే చేతిలో పట్టుకుని కూర్చుంది. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. అందరి అనుమతీ తీసుకుని తెలుగులో అన్నాను: "అమ్మా, మీకు అర్థం కాకపోయినా, నచ్చకపోయినా ఈరోజే ఒప్పుకోనక్కర్లేదు. ఆ మాట చెబితే మీటింగు ఆపి, పది బడి రోజుల్లోపు మళ్లీ కూర్చుంటాం." ఆమె పెన్ను కింద పెట్టి, కాగితాలు మొదటి పేజీకి తిప్పి, "అయితే మా వాడికి మాటలు నేర్పే క్లాసు వారానికి ఎన్నిసార్లండీ?" అని అడిగింది.